జాగ్రత్త: ఫ్రూట్ యోగర్ట్ కప్పు కొనేముందు వెనక్కి తిప్పి చదవండి

కిరాణా యాప్‌లో "హెల్దీ స్నాక్స్" వరసలో కనిపించిన మ్యాంగో యోగర్ట్ ఇది. 100 గ్రాముల కప్పులో మొత్తం చక్కెర 14 గ్రాములు, అందులో విడిగా కలిపింది 9 గ్రాములు, అంటే రెండు చెంచాల పైమాటే. ప్రోటీన్ 3 గ్రాములు. అంత ప్రోటీన్ మామూలు పెరుగులోనే ఉంటుంది. పదార్థాల్లో చక్కెరది రెండో స్థానం, మామిడి గుజ్జుది నాలుగో స్థానం. ఏది ఎక్కువ బరువు పడితే దాన్ని ముందు రాయాలన్నది రూలు కాబట్టి పండు కంటే చక్కెరే ఎక్కువన్నమాట. మూత మీద బొమ్మలో మాత్రం ముక్కలు నోరూరిస్తున్నాయి!

"టోటల్ షుగర్స్" అంకె చూసి కంగారు పడకండి. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెరే 4–5 గ్రాములు ఉంటుంది. చూడాల్సింది దాని కిందే ఉండే "యాడెడ్ షుగర్స్". "థర్మైజ్డ్" అనో "హీట్ ట్రీటెడ్" అనో సన్న అక్షరాల్లో ఉంటే, తోడుకున్నాక మళ్లీ వేడి చేశారని. నిల్వ కోసం అలా చేస్తారు. ప్రోటీన్, కాల్షియం ఎక్కడికీ పోవుగానీ మంచి బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. పొట్టకు మంచిదని కొనేవాళ్లకు డబ్బు దండగే.

మూత ఉబ్బి ఉంటే అసలు తీసుకోవద్దు. దారిలో చల్లదనం తప్పితే లోపల ఈస్టు పెరిగి గ్యాసు పుడుతుంది. రుచి చూసి తేల్చుకుందామని చెంచా పెట్టకండి. పైన కాస్త తేట తేలితే మాత్రం ఫర్వాలేదు, కలిపేసుకోవచ్చు.

ఇంట్లో అయితే 150 గ్రాముల గట్టి పెరుగులో 50 గ్రాముల బంగినపల్లి ముక్కలు వేస్తే చాలు: సుమారు 120 కేలరీలు, 5 గ్రాముల ప్రోటీన్, కలిపిన చక్కెర సున్నా. ఇంకా చిక్కగా కావాలంటే పెరుగును పల్చటి గుడ్డలో కట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో 4 గంటలు వడకట్టండి. ముక్కలు తినే ముందే కలపాలి, లేకపోతే నీరు ఊరుతుంది. ఉడికించని పైనాపిల్, కివీ అయితే ఇంకా జాగ్రత్త. వాటిలోని ఎంజైములు పాల ప్రోటీన్‌ను విరగ్గొట్టి చేదు తెస్తాయి. పైనాపిల్‌ను ఐదు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి వేస్తే ఆ బాధ ఉండదు.

పాడైన కప్పు వస్తే పారేయకముందే బ్యాచ్ నంబరు, తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు కనిపించేలా ఫోటో తీయండి. "సీల్ తీశాక రిటర్న్ లేదు" అని అమ్మినవాళ్లు తప్పించుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. అక్కడ బిల్లు అడగొచ్చు, దాన్ని డిలీట్ చేయకండి.