కోహా ఓపాక్: ఒడిశా సరిహద్దు నుంచి మూడేళ్ల వాడకం

గంజాం, గజపతి జిల్లాల చరిత్ర మీదో సవర భాష మీదో పనిచేసేవాళ్లకు యూనివర్సిటీ లైబ్రరీ ఓపాక్, అంటే కోహా అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆన్‌లైన్ పుస్తకాల కేటలాగు, అక్కరకొచ్చేదే. కాకపోతే దానికి విషయం తెలీదు, స్పెల్లింగే తెలుసు.

గిడుగు రామమూర్తిగారి పేరే చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘మూర్తి’ని రికార్డుకో రకంగా ఎక్కించారు. ఒకచోట టి, ఐ. ఇంకోచోట టి, హెచ్, వై. అందుకే టి దగ్గర ఆపి * పెట్టాలి, అన్నీ ఒకేసారి వస్తాయి. ఇంటిపేరుతో దొరక్కపోతే ‘జి.వి.’తో చూడాలి. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం పేరుతో ఇంకో తంటా: దీర్ఘాలు చూపడానికి ‘సోరా’ (సవరకే ఇంకో పేరు) అక్షరాల వెనక కోలన్లు వేశారు. ఉన్నది ఉన్నట్టు కొడితే పని చెడుతుంది, కోహాలో కోలన్‌కు ముందున్నది ఏ ఫీల్డులో (రచయిత, పుస్తకం పేరు లాంటివి) వెతకాలో చెప్పే గుర్తు మరి. ‘సవర’ అని కొట్టడమే మేలు.

ఊళ్ల పేర్లూ అంతే. పర్లాకిమిడికి పర్లాఖెముండి, బరంపురానికి బెర్హంపూర్, బ్రహ్మపూర్. రెండు రూపాల మధ్య పెద్ద అక్షరాల్లో ‘ఆర్’ (OR) పెట్టాలి. ఏమీ పెట్టకపోతే అన్ని మాటలూ ఉన్న రికార్డులే వస్తాయి, మాటలు పెరిగేకొద్దీ ఫలితాలు తగ్గుతాయి. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి పాత రిపోర్టులకు ‘మద్రాస్’ అని కూడా వెతకాలి. 2011కి ముందు ఎక్కించినవాటిలో ‘ఒరిస్సా’యే ఉంటుంది.

తెలుగు లిపిలో కొడితే చాలాసార్లు సున్నా. ఒడియా ఉచ్చారణతో ఎక్కించినచోట ‘వ’ కాస్తా ‘బ’ అవుతుంది, వేమన బేమనగా దొరుకుతాడు! అలాంటప్పుడు పేరు వదిలేసి కాల్ నంబరుతో (విషయాన్ని బట్టి పుస్తకానికి వేసే అంకె) వెళ్లాలి: తెలుగు భాషకు 494.827, సాహిత్యానికి 894.827. ఒక పుస్తకం దొరికితే చాలు, దాని పేజీలో ‘బ్రౌజ్ షెల్ఫ్’ నొక్కితే బీరువాలో అటూ ఇటూ ఉన్నవి కనిపిస్తాయి. నా లెక్కలో ఓపాక్ మొత్తానికీ విలువైన లింకు అదే.

ఎంచుకున్న పుస్తకాల వివరాలు పెట్టుకునే ‘కార్ట్’ను నమ్ముకోవద్దు, బ్రౌజర్ మూస్తే ఖాళీ అయిపోతుంది. లాగిన్ అయి ‘లిస్ట్’లో దాచుకోవాలి.

‘అవైలబుల్’ అంటే ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని, అంతవరకే. బీరువాలో లేకపోతే పక్క అరలు, చదివి వదిలేసిన బల్లలు చూడాలి. పాత మద్రాసు ముద్రణలు కొన్ని ఇంకా కంప్యూటర్‌కు ఎక్కలేదు, వాటికి కార్డుల డ్రాయరే గతి.