మేస్త్రీ వదిలేసిపోయిన ట్రాలీ: బాడుగ మనం కట్టాలా, కంప్లైంట్ ఇవ్వాలా?

కడప ఎర్రముక్కపల్లిలో మా పాత వంటగది పగలగొట్టి కొత్తది కట్టిస్తున్నాం. ఇంకో నాలుగు రోజుల పని ఉందనగా మేస్త్రీ రావడం మానేశాడు, ఫోనూ ఎత్తడు. గేటు ముందు ట్రాక్టర్ ట్రాలీ ఒకటి మిగిలింది. ఇంజిన్ లేదు, ముందు కొక్కెం కింద ఇటుకలు పేర్చి ఆనించారు. దాన్నిండా గచ్చు పెళ్లలు, విరిగిన కడప బండలు. వారం తిరక్కముందే వీధివాళ్లు కొబ్బరి బోండాలూ, చిరిగిన పరుపూ అందులోకే విసిరారు. కింద నీడలో ఒక కుక్క కాపురం పెట్టింది.

ట్రాలీ నంబరు పట్టుకుని విచారిస్తే ఓనర్ దొరికాడు. "మీ మేస్త్రీ నాకు పదిరోజుల బాడుగ ఇయ్యాల సార్. లెక్క చేతికొచ్చినంకనే తీస్తా" అన్నాడు.

అడిగినంతా కట్టేస్తే సాయంత్రానికి గేటు ఖాళీ. ఇంకొకరు కట్టాల్సిన సొమ్ము మన అవసరం కొద్దీ మనం కడితే, వాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 69వ సెక్షన్ ఇస్తుంది. హక్కు సరే, ఫోనే ఎత్తని మనిషి దగ్గర రాబట్టేదెట్లా? మేస్త్రీకి ఇవ్వాల్సిన బాకీ ఇంకా మన చేతిలో ఉంటే మాత్రం ఇదే సుఖం. "ఇంత కడుతున్నా, నీ లెక్కలో కోస్తా" అని ముందే వాట్సాప్‌లో పెట్టి, ఓనర్ చేత రసీదు రాయించుకుంటే చాలు. నా ఖర్మ, నేను ముందే దాదాపు అంతా ఇచ్చేశా.

కంప్లైంట్ సంగతి. దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. వార్డు సచివాలయంలో చెప్పొచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. కానీ ఆ చెత్త పుట్టింది మా ఇంట్లో. రోడ్డుకూ కాలువకూ అడ్డం పడకుండా చూసుకునే బాధ్యత దాన్ని పుట్టించినవాళ్లదేనని 2016 నాటి కేంద్ర నిబంధనలే అన్నాయి. తిరిగి తిరిగి వేలు నావైపే చూపిస్తుంది. ఓనర్ ఎవరో తేలకపోతే ఇంతకన్నా దారి లేదు, తేలినప్పుడు ఇది తిరుగుడే.

"రాత్రికి రాత్రి బుగ్గవంకలో పోసొస్తా, ఐదొందలియ్యి" అన్నవాడు కూడా తగిలాడు. 2020 నవంబరులో నివర్ తుఫానుకు ఆ వంక పొంగి ఇళ్లలోకి వచ్చిన నీళ్లు చూసినవాళ్లం, ఆ మాటే వద్దన్నా. ట్రాలీని అమ్మేయమన్న బంధువూ ఒకాయన ఉన్నాడు. చెత్త మనది గానీ ట్రాలీ మనది కాదు కదా, అమ్మితే దొంగ సొత్తు కేసు మన మెడకే.

ఆ మాట దగ్గరే నాకు దారి దొరికింది. ఓనర్‌ను పిలిచి టీ ఇప్పించి చెప్పా: "పాత బాడుగ నీకూ మేస్త్రీకీ మధ్యది, నేను మాట్లాడుకున్నది కాదు. చెత్త మాత్రం నాది. ఈ ఒక్క ట్రిప్పు బాడుగ, కూలీలు నేనిస్తా." గొణిగాడు, లేచిపోయాడు, రెండోరోజు తనే ఫోన్ చేశాడు. ట్రాలీ ఊరికే నిలబడితే తనకూ నష్టమే మరి.

పక్కవీధిలో ఒకాయన బేస్మట్టం నింపుకోవడానికి ఇటుక ముక్కలు, పెళ్లలు కావాలన్నాడు. మంచి బండలు నాలుగు పెరట్లోకి ఏరుకుని, మిగతాది అక్కడికే తోలించాం. మేస్త్రీ మీద వినియోగదారుల కమిషన్‌కు పోదామనుకుంటున్నా. పనికిచ్చిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.

పరుపు మాత్రం బేస్మట్టం ఆయన వద్దన్నాడు. అది గేటు పక్కనే ఉంది, కుక్క ఇప్పుడు దానిమీదికి మారింది.