ఇంప్లాంట్ కోసం హైదరాబాద్ వస్తున్నారా? ముందు చిగుళ్ల సంగతి తేల్చుకోండి

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చి, ఇంప్లాంట్ (ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు), దాని మీద పెట్టే క్యాప్ రెండూ పూర్తిచేసుకుని వెళ్లాలనుకుంటారు చాలామంది. చిగుళ్లు బాగున్నవాళ్లకే అది కష్టం. చిగుళ్ల జబ్బుంటే ఆ ఆలోచనే వద్దు.

పంజాగుట్ట, బంజారాహిల్స్ ప్రైవేటు క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతుంది, ఖర్చు ఎక్కువ. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఖర్చు తక్కువ, కానీ ఓపీ లైను కోసం ఉదయమే చేరుకోవాలి. సెలవు తక్కువున్నవాళ్లకు అది కుదరదు. బస అమీర్‌పేటలో అయితే రెంటికీ మెట్రో రెడ్ లైన్‌లో రైలు మారకుండా వెళ్లొచ్చు. కుట్లు వేసిన రోజుల్లో మెత్తగా వండుకోవాలి కాబట్టి హోటల్ గదికన్నా వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ మేలు.

క్లినిక్‌ను అంచనా వేయడానికి మొదటి సిట్టింగ్ చాలు. డాక్టర్ ప్రోబ్ అనే సన్నటి కొలత పుల్లను ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు కిందికి దించి, లోతు మిల్లీమీటర్లలో చెబుతుంటే పక్కనున్నవాళ్లు చార్టులో రాసుకోవాలి. 3 వరకు ఫర్వాలేదు. 4 దాటి రక్తం కూడా వస్తుంటే ముందు డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద పేరుకున్న గారను గీకి తీయడం. సీబీసీటీ స్కాన్ (దవడ త్రీడీ ఎక్స్‌రే) మాత్రమే చూసి అదే రోజు ఇంప్లాంట్‌కు అడ్వాన్స్ అడిగితే లేచి వచ్చేయండి. స్కాన్‌లో ఎముక కనిపిస్తుంది, చిగురు నుంచి కారే రక్తం కనిపించదు. పక్క పళ్ల సందుల్లోని బ్యాక్టీరియా కొత్త ఇంప్లాంట్ మీదకూ చేరుతుంది. సహజమైన పంటిని ఎముకతో కలిపే నారపొర ఇంప్లాంట్‌కు ఉండదు, అందుకే అక్కడ వాపు ఎముకదాకా త్వరగా పోతుంది.

డీప్ క్లీనింగ్ అయ్యాక మళ్లీ కొలవడానికి కనీసం 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ పని మీరుండే ఊళ్లోనే చేయించుకుని చార్టు వెంట తెచ్చుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 శాతం దగ్గరకు తెచ్చుకోండి, సిగరెట్ మానేయాలి. మొదటి ప్రయాణంలో ఇంప్లాంట్, కుట్లు తీయించుకోవడం కలిపి రెండు వారాలు. ఇంప్లాంట్‌ను ఎముక గట్టిగా పట్టుకోవడానికి కింది దవడకు దాదాపు 3 నెలలు, పై దవడకు 4 నుంచి 6 నెలలు ఆగి క్యాప్ కోసం రెండో ప్రయాణం. సిమెంటుతో అతికించేదానికన్నా స్క్రూతో బిగించే క్యాప్ అడగండి. చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు వల్ల కూడా వాపు మొదలవుతుంది.

తిరిగి వెళ్లేముందు ఇంప్లాంట్ కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్, క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే తప్పక అడిగి తీసుకోండి. స్క్రూ వదులైతే అక్కడి డెంటిస్టుకు దాన్ని బిగించడానికి ఏ స్క్రూడ్రైవర్ వాడాలో ఆ స్టిక్కరే చెబుతుంది.