వంపు కొలవడానికి 100 వేఫరా, 111 వేఫరా: ఏది మేలు?

వేఫర్ అంటే సిలికాన్ స్ఫటికం నుంచి కోసిన పలుచని గుండ్రటి పలక; స్ఫటికాన్ని ఏ తలం వెంబడి కోశారో చెప్పేవే 100, 111 అంకెలు. సిలికాన్ వేఫర్‌కు ఒకవైపే పొర పూస్తే అది వంగుతుంది. పొర లోపలికి లాగుతుంటే గిన్నెలా, బయటికి తోస్తుంటే గొడుగులా. రెండు వైపులా ఒకే పొర ఉంటే ఎంత లాగినా వంపు రాదు. 1909లో స్టోనీ అనే శాస్త్రవేత్త ఉక్కు పట్టీ మీద నికెల్ పూత వేసి, ఈ వంపు నుంచి పొరలోని ప్రతిబలానికి (వైశాల్యానికి ఇంత అని లాగే లేదా తోసే బలానికి) లెక్క కట్టాడు. ఆ సూత్రంలోని సొగసేమిటంటే, పొర గట్టిదనం తెలియనక్కరలేదు. వంపు కొలిచాక పొర మందం, పలక మందం, పలక గట్టిదనం తెలిస్తే చాలు. కాబట్టి పలక ఏదన్నదే అసలు ప్రశ్న.

అన్ని దిక్కులా సమానంగా లాగినప్పుడు 100 ముఖం గట్టిదనం సుమారు 180 గిగాపాస్కల్స్, 111 ముఖానిది 229. నాలుగు అంగుళాల వేఫర్, మందం 525 మైక్రోమీటర్లు. దాని మీద 200 నానోమీటర్ల పొర, అందులో ప్రతిబలం 100 మెగాపాస్కల్స్ అనుకుందాం. 100 వేఫర్ అంచుకూ మధ్యకూ ఎత్తులో తేడా సుమారు 3 మైక్రోమీటర్లు, 111 అయితే 2.4. ఎక్కువ వంగేదాన్ని కొలవడం తేలిక. పైగా 100 వేఫర్లే విరివిగా దొరుకుతాయి. మామూలు లోహపు పొరకు నా ఓటు దీనికే.

పొర ఒక దిక్కున ఎక్కువ, మరో దిక్కున తక్కువ లాగితే మాత్రం 100 ఇబ్బంది పెడుతుంది. దాని యంగ్ గుణకం (ఒకే దిక్కున లాగినప్పటి గట్టిదనం) ఒక దిశలో 130 గిగాపాస్కల్స్, అక్కడి నుంచి 45 డిగ్రీలు తిప్పితే 169. 111 తలంలో ఎటు చూసినా 169 దగ్గరే. శూన్యంలో శుభ్రం చేసిన 100 ముఖానిదీ ఇదే పేచీ: పై పరమాణువులు జంటలు కట్టి వరుసల్లో నిలబడతాయి, జంట వెంబడి ప్రతిబలం ఒకటి, దానికి అడ్డంగా మరొకటి. ఇలాంటి పనికి 111 తప్ప మరోటి ఎంచుకోను.

ముఖం గురించి ఇంత తర్జనభర్జన పడి, వేఫర్ మందం మాత్రం డబ్బా మీద అచ్చు వేసినదే రాసుకునేవారున్నారు. లెక్కలో ఆ మందం వర్గంగా వస్తుంది. అక్కడ 2 శాతం తప్పితే జవాబు 4 శాతం తప్పుతుంది. ఇక 111కి 180 వేసి లెక్కిస్తే ప్రతిబలం ఐదో వంతు తగ్గి కనిపిస్తుంది. ఏ ముఖమో అనుమానం వస్తే పనికిరాని ముక్కనొకదాన్ని విరిచి చూడండి: 100 లంబకోణాల్లో విరుగుతుంది, 111 అరవై డిగ్రీల మూలలతో.