మూడుల్‌లో మావాళ్లెవరూ తెరవని స్టాటిస్టిక్స్ పేజీ

మూడుల్ (నోట్సులు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్) అంటే ఏమిటో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏళ్లుగా ఫ్లూయిడ్ మెకానిక్స్‌కి వాడుతున్నాను. చెప్పాలనుంది ఒక్క పేజీ గురించే. క్విజ్ రిజల్ట్స్‌లోకి వెళ్తే 'స్టాటిస్టిక్స్' అని ఉంటుంది. మార్కులు దించుకుని బయటికొచ్చేస్తాం కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

అందులో ప్రతి ప్రశ్నకీ ఉండే అంకెల్లో నేను చూసేవి రెండు. ఫెసిలిటీ ఇండెక్స్ అంటే క్లాసు మొత్తానికి ఆ ప్రశ్నలో సగటున ఎంత శాతం మార్కులొచ్చాయన్నది. డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంటే మిగతా క్విజ్ బాగా రాసినవాళ్లే దీన్నీ బాగా రాశారా అన్నది. ఒకసారి ఒక ప్రశ్నకి ఈ రెండోది మైనస్‌లోకి పోయింది. అంటే చదివేవాళ్లు తప్పు పెట్టారు, వెనక బెంచీలవాళ్లు ఒప్పు పెట్టారు!

ప్రశ్న చిన్నదే. మూతలేని నీళ్ల ట్యాంకులో 10 మీటర్ల లోతున యాబ్సొల్యూట్ ప్రెషర్, అంటే మొత్తం ఒత్తిడి, ఎంత? జవాబు సుమారు 199 కిలోపాస్కల్స్. టాపర్లంతా 98 దగ్గర ఆగిపోయారు. మర్నాడు బోర్డు మీద లెక్క వేసి అడిగితే, "సీనియర్ల మెటీరియల్‌లో అలాగే ఉంది సార్" అన్నారు. జిరాక్స్ తెప్పించి చూశాను. గేజ్ ప్రెషర్, అంటే నీళ్ల ఒత్తిడి ఒక్కటే కట్టి, దాన్నే యాబ్సొల్యూట్ అని రాసేశారు. ఆ జిరాక్స్ మొహం చూడని ఓ కుర్రాడు వెనకనుంచి, "పైన గాలి కూడా ఉంది కద్సార్" అన్నాడు. ఇంక చూడాలి, ముందు బెంచీలు, వెనక బెంచీలు వాదనకి దిగాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మూడుల్‌లోనే ఉండే పార్టిసిపేషన్ రిపోర్టుని కూడా మొదట్లో తెగ పొగిడేవాణ్ణి. నోట్సు ఎవరు తెరవలేదో చూపిస్తుంది, వాళ్లందరికీ ఒకేసారి మెసేజ్ పంపనిస్తుంది. ఆ మాట వాస్తవమే. కాకపోతే మా దగ్గర సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) పీడీఎఫ్ దించి వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు, మిగతావాళ్లకి లాగిన్ అయ్యే పనే ఉండదు. రిపోర్టులో 'లేదు' అని ఉన్న అమ్మాయి అదే నోట్సు ప్రింటు తీసి, మార్జిన్లనిండా పెన్సిలుతో రాసుకుని డౌట్లు అడగడానికొచ్చింది. ఆ రిపోర్టు లెక్కపెట్టేది క్లిక్కుల్ని, అంతకుమించి చెప్తానని అదీ అనలేదు. మా మేనేజ్‌మెంటే దాన్ని 75 శాతం అటెండెన్సు రూలుకి పక్కనే చేర్చి 'ఎంగేజ్‌మెంట్' అని నెలనెలా అడగడం మొదలెట్టింది. అప్పట్నుంచి పిల్లలు రాత్రి పదకొండింటికి వరసగా అన్ని పేజీలూ తెరిచి మూసేస్తున్నారు. పర్సెంటేజీ మాత్రం బ్రహ్మాండం.

నా సెక్షన్లో అరవైమంది ఉంటారు, ప్రశ్నలన్నీ లెక్కలు, సర్వర్ చూసుకునే ల్యాబ్ అసిస్టెంటు ఓపికమంతుడు. అందుకే ఆ స్టాటిస్టిక్స్ పేజీ నాకు కుదిరింది. పదిహేనుమంది ఉన్న ఎంటెక్ క్లాసులో ఈ అంకెల్ని నేను పెద్దగా నమ్మను, ఇద్దరు తప్పు పెడితేనే తలకిందులైపోతాయి. వ్యాసాలు రాయించే సబ్జెక్టులవాళ్లకి ఎంతవరకు పనికొస్తుందో వాళ్లే చూసుకోవాలి. మిడ్ పరీక్షకి ముందు చిన్న క్విజ్ పెట్టే అలవాటున్నవాళ్లయితే ఈసారి ఆ పేజీ ఒక్కసారి తెరిచి, మైనస్ ఎక్కడైనా ఉందేమో చూడండి.