కోఠీలో కొన్న వేలి ఆక్సీమీటర్: ఆరు నెలలు వాడాక

కరోనా రెండో వేవ్‌లో కొన్న ఆక్సీమీటర్‌ని (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి చూపించే క్లిప్పు) సెల్స్ తీయకుండా డబ్బాలో పడేశాను. మొన్న ఆషాఢంలో తీసి చూస్తే లోపలంతా పచ్చగా తుప్పు. కొత్తది కొందామని కోఠీ వెళ్ళి మూడు సర్జికల్ షాపులు తిరిగాను. కంపెనీ పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు. ఒకే బొమ్మ మూడు షాపుల్లో మూడు పేర్లతో కనబడింది. డబ్బా మీద 2,499 అని ఉంది. నేను నోరు తెరవకముందే 900 అన్నాడు, 750కి ఇచ్చాడు.

ఇరవై ఆరేళ్ళు క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన దాన్ని. అందుకే కౌంటర్ దగ్గరే పరీక్ష పెట్టాను. ఒక చేతి వేలికి క్లిప్పు, రెండో చేతి మణికట్టు మీద నా వేళ్ళు, కళ్ళు గోడ గడియారం మీద. నిమిషానికి 74 లెక్క తేలింది, మెషిన్ 73, 75 మధ్య ఆడింది. ఫరవాలేదు. రెండో షాపువాడు ఇచ్చినదాంట్లో వేలు బదులు బాల్‌పెన్ను పెట్టాను. 97 శాతం చూపించింది! పెన్ను ఆరోగ్యం భేషుగ్గా ఉందన్నమాట. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంట్లో వాడకానికి బాగానే ఉంది. అంకెల కింద అల కదులుతుంటుంది, అది నిలకడగా వచ్చేదాకా అర నిమిషమైనా ఆగాలి. వేలు పెట్టగానే కనిపించే మొదటి అంకెను నమ్మకూడదు. డిసెంబరు చలిలో పొద్దున్నే పెడితే నాకు 89 వచ్చింది. చేతులు రుద్దుకుని మళ్ళీ పెడితే 97. గోరింటాకు పండిన వేలికీ పండని వేలికీ ఒక్క శాతమే తేడా. మనవరాలి ముదురు నీలం నెయిల్ పాలిష్ మీద మాత్రం 91కి పడింది, తుడిచాక 98. నల్లని చర్మం మీద ఇవి ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. మన ఇళ్ళలో వాడే వస్తువుకి ఆ మాట ముఖ్యం కదా, డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు.

అసలు నేను ఈ రివ్యూ రాయడానికి కారణం నవంబరులో ఒక రాత్రి. పదకొండున్నరకి కింది ఫ్లాట్ కోడలు తలుపు కొట్టింది. "సిస్టరమ్మా, మామయ్యకి ఆయాసంగా ఉంది, మీ మెషిన్ ఒకసారి ఇస్తారా?" మెషిన్ పట్టుకుని నేనే దిగాను. పెద్దాయన లుంగీ, బనియన్‌తో సోఫా అంచున కూర్చుని ఉన్నారు. ఆక్సిజన్ 98, నాడి 118. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. "98 ఉందిగా ఆంటీ, గ్యాస్ అయ్యుంటుంది. సోడా తెస్తాను."

నేను నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉన్నాను, చూపు మాత్రం ఆయన పొట్ట మీద. శ్వాస లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి శ్వాస తీరే మారిపోతుంది. అందుకని క్యాజువాలిటీలో మేం చేసే చిన్న మోసం ఇది. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకుండా నిండా నిమిషం లెక్కపెట్టాను. 32. పెద్దవాళ్ళకి కూర్చుని ఉన్నప్పుడు 12 నుంచి 20 ఉండాలి. రోగి పరిస్థితి ఎంత విషమమో మార్కులేసి చెప్పడానికి బ్రిటన్ ఆసుపత్రులు వాడే న్యూస్ 2 చార్టులో శ్వాస 25 వచ్చిందంటే ఆ ఒక్క గడికే మూడు మార్కులు, వెంటనే వచ్చి చూడాల్సిందే. పైగా ఈయన ఊపిరి లోతుగా, మెట్లు ఎక్కి వచ్చినట్టు ఉంది.

"ఇన్సులిన్ వేసుకున్నారా అన్నయ్యగారూ?" అంటే, రెండు రోజులుగా వాంతులమ్మా, తిండి లేదు కదా అని మానేశానన్నారు. షుగర్ మెషిన్ అంకె కూడా ఇవ్వలేదు, 'హెచ్ఐ' అని చూపించింది, అంటే దాని కొలతకే అందనంత ఎక్కువ. సోడా సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయించాను.

98 తప్పు కాదు. రక్తం ఆక్సిజన్‌ని ఎంతమేర నింపుకుందో ఆ క్లిప్పు చెబుతుంది, అంతే. ఆయన ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఇన్సులిన్ మానేయడంతో రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని తగ్గించడానికి ఒళ్ళు కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసేస్తోంది, ఆయాసం అందుకు. అలాగే గ్యాస్ గీజరున్న బాత్రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పడిపోయినా ఇది నిక్షేపంగా ఉన్నట్టే చూపిస్తుంది.

ఆసుపత్రి పేరెందుకు గానీ, ఎమర్జెన్సీలో డ్యూటీ అమ్మాయి చకచకా బీపీ పట్టా చుట్టింది, వేలికి క్లిప్పు పెట్టింది, టెంపరేచర్ చూసింది, శ్వాస గడిలో 18 అని రాసేసింది. ఆయన ఛాతీ వంక ఒక్కసారీ చూడలేదు. "ఒక్క నిమిషం లెక్కపెట్టు తల్లీ" అన్నాను. విసుక్కుంటూనే లెక్కపెట్టింది, 34. పసుపు ట్యాగు ఎరుపైంది, అంటే ముందు ఈయన్నే చూడాలని. ఆ పిల్లని పెద్దగా అనలేను. నైట్ డ్యూటీలో నలభై మంది పేషెంట్లుంటే మేమూ వరసగా 20, 20, 20 అని రాసిన రోజులున్నాయి. కీటోన్లు, అంటే నేను చెప్పిన ఆ ఆమ్లాలు, బాగా పెరిగాయన్నారు డాక్టరు. రెండు రోజులు ఐసీయూ, ఐదో రోజు ఇంటికి.

శ్వాస కూడా చూపించే మోడల్ ఉందని నాకు ఇది అమ్మిన షాపువాడే తర్వాత ఒకసారి 2,800 చెప్పాడు. వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నేను ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అది 16 దగ్గరే ఉంది. వద్దని వచ్చేశాను.

750కి మూడు స్టార్లు. ట్రిపుల్ ఏ సెల్స్ రెండు వేస్తే నాలుగు నెలలు వచ్చాయి. మెడలో వేసుకునే తాడు మూడో వారానికే ఊడింది, మనవరాలి రిబ్బన్ కట్టి ఫ్రిజ్ పక్క మేకుకి తగిలించాను.