ఆషాఢంలో ఛియాంగ్ మాయ్: నెల రోజులు ఉండి పని చేసుకున్న చోటు గురించి

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాడికి సెలవులిచ్చేది పంచాంగమే. మూఢం, ఆషాఢం, ఇలాంటివే. మాది తణుకు. 2017లో స్టూడియోలో జీతం మానేసి ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకున్నా, ఇప్పుడు చుట్టుపక్కల పదకొండు స్టూడియోల వాళ్లు ఫోటోలు నాకు పంపుతారు, షీటుకింత అని లెక్క. ఆషాఢంలో కొత్త పెళ్లిళ్లు ఉండవు కానీ వైశాఖ జ్యేష్ఠాల్లో అయిపోయినవన్నీ కుప్పగా మిగిలి ఉంటాయి, కాబట్టి పని ఆగదు, హడావిడి మాత్రం ఆగుతుంది. ఆ పనే ఇంకో దేశంలో కూర్చుని చేస్తే ఏం పోయింది అనిపించి ‘ఆషాఢానికో దేశం’ అని ఒక పిచ్చి లెక్క పెట్టుకున్నా. నలభై ఏళ్లు వచ్చేలోపు పది. 2023లో నేపాల్ (పాస్‌పోర్టే అక్కర్లేదు కదా, అదేం దేశం కింద లెక్కరా అంటాడు మా మావయ్య), 2024లో శ్రీలంక, 2025లో థాయ్‌లాండ్. జూన్ 26 నుంచి జులై 24 వరకూ, అంటే పాడ్యమి నుంచి అమావాస్య వరకూ కచ్చితంగా, ఛియాంగ్ మాయ్‌లో ఒక కోలివింగ్‌లో ఉన్నా. గది, పని చేసుకునే హాలు, వంటగది అన్నీ ఒకే బిల్డింగులో. ఇదంతా ఆ చోటు గురించే. మంచీ చెడూ రెండూ రాస్తున్నా కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు వీసా సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. ఊరికే చూసొచ్చేవాళ్లకైతే మన పాస్‌పోర్టు మీద 60 రోజులు వీసా లేకుండానే రానిచ్చేవాళ్లు, 2025లో నేను వెళ్లేనాటికి రూలు అదే. కానీ నేను లాప్‌టాప్ పట్టుకెళ్లి పని చేసుకునేవాణ్ణి, దొంగచాటుగా ఎందుకని డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, లాప్‌టాప్ మీద పని చేసుకునే నాలాంటి వాళ్లకి ఇచ్చేది) తీసుకున్నా. 2024 జులైలో మొదలుపెట్టిన వీసా ఇది. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లినప్పుడల్లా 180 రోజుల వరకూ ఉండొచ్చు. బ్యాంకులో 5 లక్షల భాట్ చూపించాలి, మన లెక్కలో 13 లక్షల పైమాటే. నా దగ్గర ఉన్న ఆ డబ్బు అసలు ఊరవతల ప్లాటు కోసం దాచింది. ప్లాటు కొనకుండా దాన్ని బ్యాంకులో అలాగే ఉంచి స్టేట్‌మెంట్ తీసుకున్నానని తెలిసిన రోజు నాన్న అన్నం తిన్నాక కూడా నాతో మాట్లాడలేదు. ఇంకో తలనొప్పి, సొంతంగా పని చేసుకుంటున్నట్టు కాగితాలు కావాలి. మా స్టూడియో అన్నలు ఎవరూ జీవితంలో లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిన వాళ్లు కాదు, నేనే టైప్ చేసి తీసుకెళ్లి సంతకాలు పెట్టించుకున్నా.

ఇక చోటు. పాత ఊరు చుట్టూ నలుచదరంగా కందకం ఉంటుంది, దానికి వాయవ్యంగా శాంతితామ్ అనే పేట. లాప్‌టాప్ జనమంతా దిగే నిమ్మాన్ రోడ్డుకి దగ్గరే కానీ అక్కడున్నంత రేటు ఉండదు. గదికీ టేబులుకీ కలిపి నెలకి 12,500 భాట్, అంటే 33 వేలు. వానాకాలం కాబట్టి ఆ రేటు, చలికాలంలో ఇంకా ఎక్కువంట. (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మాత్రం చవగ్గా వచ్చినా వద్దు. చుట్టుపక్కల పొలాలూ అడవులూ తగలబడి ఊరంతా పొగ. అక్కడున్న పాతకాపులందరూ ఒకే మాట చెప్పారు.) గది చిన్నదే, శుభ్రంగా ఉంది. మన ప్లగ్గుల్లో సన్న రెండు పిన్నులవి సరిపోతాయి, లావు మూడు పిన్నులవి దూరవు, అడాప్టర్ తీసుకెళ్లండి.

నెట్ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, సూపర్. ఒక్కో పెళ్లికి 60, 70 జీబీ ఫోటోలు ఉంటాయి, అవన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో వేసుకుని వెళ్లా. ఒకటి బ్యాగులో, ఒకటి నడుముకి. అక్కడి నుంచి పంపేది పూర్తయిన షీట్లే. 12 బై 36 సైజు, ముప్పై షీట్ల ఆల్బమ్ అంటే దాదాపు ఒక జీబీ. తణుకులో అది ఎక్కించడానికి పెట్టి టీ తాగొచ్చేవాణ్ణి, ఇక్కడ కప్పు చేతిలోకి తీసుకునేలోపు అయిపోయేది. నెల మొత్తంలో కరెంటు ఒక్కసారే పోయింది, అదీ పెద్ద గాలివాన రోజు.

కానీ లైట్లు! ఫోటోల్లో అందంగా పడాలని హాలంతా పసుపుపచ్చ బల్బులు వేలాడదీశారు. సాయంత్రం అక్కడ కూర్చుంటే హాయిగానే ఉంటుంది, రంగులతో పని ఉన్నవాడికి మాత్రం అది శత్రువు. కంటికి ఆ పచ్చ వెలుగు అలవాటైపోయి తెర మీదున్నదంతా నీలంగా కనిపిస్తుంది, దాన్ని సరిచేస్తున్నాననుకుని మనం ఇంకాస్త పసుపు కలుపుతాం. నేను అదే చేశా, ఒకటి కాదు, వరసగా నాలుగు రాత్రులు, రెండు ఆల్బమ్‌లు. భీమవరం అన్న ఫోన్ చేసి, “ఏరా తమ్ముడూ, రిసెప్షన్ ఫోటోల్లో కూడా అమ్మాయికి నలుగు పెట్టేశావా, లేక పచ్చకామెర్లా?” అన్నాడు. పొద్దున లేచి కిటికీ దగ్గర పెట్టి చూస్తే నిజమే, తెల్ల మధుపర్కాలు మీగడ రంగులో ఉన్నాయి, ఎర్రంచు నారింజ అయింది, జరీ అయితే ఇత్తడి బిందె. యాభై ఎనిమిది షీట్లు మళ్లీ చేశా. రిసెప్షన్‌లో ఉండే ఆవిడకి చెప్తే నవ్వింది, అర్థమైందో లేదో తెలీదు. దగ్గర్లోని థానిన్ మార్కెట్ వైపు వెళ్లి ఒక కొట్లో తెల్ల ఎల్‌ఈడీ బల్బు కొనుక్కొచ్చి (మన పిన్ను హోల్డరు కాదు, తిప్పి బిగించేది) కుర్చీ ఎక్కి నేనే మార్చుకున్నా. ఉత్తరం కిటికీ పక్కనున్న మూల టేబులు అది, ఆ తర్వాత నెలంతా నాదే. మీరు ఫోటో, వీడియో పనివాళ్లయితే అడగాల్సింది స్విమ్మింగ్ పూల్ గురించి కాదు, బల్బుల గురించి.

రెండో గొడవ ఏసీ. ‘24 గంటలూ హాలు తెరిచే ఉంటుంది’ అని రాశారు, నిజమే, తెరిచే ఉంటుంది. రాత్రి పదికి ఏసీ మాత్రం ఆపేస్తారు. అక్కడ టైము మనకంటే గంటన్నర ముందు. మన స్టూడియోల వాళ్లు షాపు కట్టేసి, భోంచేసి, తీరిగ్గా ఫోన్ చేసేది తొమ్మిది తర్వాత, అంటే అక్కడ పదిన్నర. ఫోన్ మాట్లాడుకోవడానికి రెండు గాజు పెట్టెలు పెట్టారు, లోపల చిన్న ఫ్యాన్ ఉంది కానీ గాలి రాదు. కరెక్షన్లు ఒక్కొక్కటీ రాసుకునేసరికి, “వదిన గారి తమ్ముడు ఈ ఫోటోలో లేడు, కలుపు” లాంటివి, చొక్కా తడిసిపోయేది. ఊళ్లో ఉంటే మేడ మీదకెళ్లి మాట్లాడేవాణ్ణి.

అక్కడున్న జనం మాత్రం మంచివాళ్లు. పద్నాలుగు మందిమి, సగం మంది ప్రోగ్రామర్లు. నా తెర మీద జీలకర్ర బెల్లం ఫోటో చూసి ఒక కొరియా అబ్బాయి తల మీద అదేంటి, దెబ్బ తగిలిందా అని అడిగాడు. తలంబ్రాల షీటు చేస్తున్న రోజు నా వెనక నలుగురు నిలబడ్డారు. అయితే ఒకటి చెప్పాలి. ఉద్యోగం మానేసి వచ్చి ‘ఏం చేయాలో ఇక్కడ తేల్చుకుంటా’ అన్నవాళ్లు ముగ్గురు కనిపించారు, ముగ్గురూ రోజంతా కాఫీ షాపులు మారుస్తూ డబ్బు అయిపోతోందని టెన్షన్ పడేవాళ్లు. నా దగ్గర అప్పటికే ఇరవై మూడు ఆల్బమ్‌లు పెండింగు ఉన్నాయి కాబట్టి నాకు ఊరు చూడ్డానికి టైము దొరకలేదన్న బాధే తప్ప ఆ బాధ లేదు. దోయ్ సుతేప్ కొండ మీది గుడికి కూడా ఎర్ర సొంగ్‌తేవ్ ఎక్కి (మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి బండి) ఒక్కసారే వెళ్లొచ్చా.

జులై 10న రిసెప్షన్ మూసేశారు. ఏంటి పండగ అంటే ‘ఆసాన్హ బూచా’ అంది ఆవిడ. రెండు నిమిషాలు ఆలోచించా. ఆషాఢ పూజ! మన దగ్గర వ్యాస పూర్ణిమ, అక్కడ బుద్ధుడు మొదటి ధర్మోపదేశం చేసిన రోజు. మర్నాటి నుంచి భిక్షువులు మూడు నెలలు వాన కాలమంతా ఒకే విహారంలో ఉంటారంట, దాదాపు మన చాతుర్మాస్యం లాంటిదే. సాయంత్రం పక్క వీధి గుడిలో జనం పువ్వులూ కొవ్వొత్తులూ పట్టుకుని ప్రదక్షిణ చేస్తుంటే నేనూ మూడు చుట్లు తిరిగా. ఆషాఢం తప్పించుకుని వచ్చానా, ఆషాఢంలోకే వచ్చానా అనిపించింది. ఫోన్‌లో చెప్తే అమ్మ మొదటిసారి ఆ ఊరి గురించి మంచిగా మాట్లాడింది.

తిండికి ఇబ్బంది లేదు, మాంసం తింటే. ఖావ్ సోయ్ అని కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, 60 భాట్, వారానికి నాలుగు రోజులు అదే తిన్నా. శాకాహారులు ‘జే’ (మాంసం, చేప ఏవీ కలపని తిండి) అనే మాట నేర్చుకోండి, లేకపోతే కూరగాయల వేపుడులో కూడా చేప సాసు పడుతుంది. వంటగదిలో రైస్ కుక్కర్ ఉంది, కందిపొడి ఇంటి నుంచి పట్టుకెళ్లా.

డబ్బు విషయంలో రెండు చోట్ల మండింది. కరెంటు వేరే అని చిన్న అక్షరాల్లో ఉంది, యూనిట్ 8 భాట్, నెలకి 1,400 అయింది. దిగేముందు మీటరు ఫోటో తీసుకోమని ఎవరో చెప్తే తీసుకున్నా, అదే కాపాడింది, వాళ్లు రాసుకున్న అంకెకీ నా ఫోటోకీ 40 యూనిట్ల తేడా ఉంది, చూపించగానే తగ్గించారు. డిపాజిట్‌లో మాత్రం 600 కోశారు, తెల్ల టేబులు మీద మరక అని. ఆవకాయ మరక. అది నాదే, వాదించలేదు. ఏటీఎంలో మన కార్డు పెడితే ప్రతిసారీ 220 భాట్ పోయింది కాబట్టి ఒకేసారి ఎక్కువ తీసుకోండి. వీళ్ల వైపు నుంచి మెచ్చుకోవాల్సింది ఒకటుంది. విదేశీయుడు దిగాడని ఇమిగ్రేషన్‌కి ఇంటివాళ్లు చెప్పాలి, టీఎం30 అంటారు, చాలామంది ఓనర్లు బద్ధకిస్తారంట, వీళ్లు దిగిన రోజే చేసి రసీదు ఇచ్చారు.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ అర తెల్ల బల్బు మార్చుకోనిచ్చినందుకు.

నేను తిరిగొచ్చిన రోజే కంబోడియా సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. ఛియాంగ్ మాయ్‌కి ఆ సరిహద్దు చాలా దూరం, కానీ టీవీలో చూసిన నాన్న నేను శంషాబాద్‌లో దిగేలోపు పదిహేడు సార్లు ఫోన్ చేశాడు. మాట్లాడని మనిషి మాట్లాడాడు. 2026లో అధిక జ్యేష్ఠం పడింది, మే 17 నుంచి జూన్ 15, తర్వాత మళ్లీ ఆషాఢం ఎలాగూ ఉంది, అంటే ఒకే ఏడాదిలో రెండు ఖాళీలు. ఆ మూల టేబులు అధిక మాసానికి ఇస్తారా అని మెయిల్ పెట్టా. ఇస్తాం, కానీ ఆ బల్బు మాడిపోయింది, వచ్చేటప్పుడు తెచ్చుకోమన్నారు.